ఈవింగ్ సార్కోమా: గడ్డను ముందే ఎందుకు తీసేయరు?

వచ్చే గురువారానికి పెట్టుకున్న ఆపరేషన్‌ను ముందు ఆపించండి. కారణాలు కింద వివరంగా రాస్తాను గానీ, ఆ ఒక్క ఫోను చేసి వచ్చాక మిగతాది చదవండి.

మీరు రాసిన దానిలో నాకు అర్థమైనది ఇది. మీ అక్కగారి అబ్బాయికి పద్నాలుగేళ్లు. ఎడమ తొడలో నొప్పి మొదలై ఐదు నెలలైంది. మొదట ఎదుగుదల నొప్పులన్నారు. ఆ తర్వాత పసరు కట్టు కట్టించారు. జ్వరం కూడా వస్తుండటంతో ఎముకకు చీము పట్టిందని మూడు వారాలు యాంటీబయాటిక్ సూదులు వేశారు. తగ్గకపోయేసరికి ఎమ్మారై తీసి, ముక్క పరీక్ష చేస్తే ఈవింగ్ సార్కోమా అనే ఎముక క్యాన్సర్ అని వచ్చింది. గడ్డ తొడ ఎముక నడిమి భాగంలో ఉంది, పొడవు 11 సెంటీమీటర్లు. ఒళ్లంతా చూసే పెట్ సీటీ స్కానులో ఊపిరితిత్తులు, మిగతా ఎముకలు శుభ్రంగా ఉన్నాయి. క్యాన్సర్ ఆసుపత్రివారు మూడు నెలలు కీమో ఇచ్చాకే ఆపరేషన్ అంటున్నారు. మీ పట్టణంలోని సర్జన్ వారంలో తీసేస్తానంటున్నారు. "గడ్డను ఒంట్లో పెట్టుకుని మూడు నెలలు కూర్చోవడమా?" అని మీ బావగారి ప్రశ్న.

పిల్లల క్యాన్సర్ వార్డులో నాకు ఇరవై రెండేళ్లు గడిచాయి. ఈ జబ్బు పేరు విన్నాక ఆ ప్రశ్న అడగని తండ్రిని నేను ఇంకా చూడలేదు. అడగడం న్యాయమే. కనబడుతున్న శత్రువును వదిలేసి కనబడని దానికి మందు వేస్తామంటే ఎవరికైనా వింతగానే ఉంటుంది.

ఈ జబ్బును 1921లో న్యూయార్కులో జేమ్స్ ఈవింగ్ అనే పాథాలజిస్టు విడిగా గుర్తించాడు. పిల్లల్లో దీనికన్నా ఎక్కువగా కనిపించే ఎముక క్యాన్సర్, ఆస్టియోసార్కోమా, రేడియేషన్‌కు పెద్దగా లొంగదు. ఈయన చూసిన గడ్డలు మాత్రం రేడియేషన్ తగిలితే కరిగిపోయేవి. కాబట్టి ఇది వేరే జబ్బు అన్నాడు. కానీ ఆ కరగడం చూసి ఎవరూ ఎక్కువ కాలం సంతోషపడలేదు. ఏడాది రెండేళ్లు తిరగకుండానే అవే పిల్లలు ఊపిరితిత్తుల్లో మచ్చలతో తిరిగివచ్చేవారు. కీమో లేని ఆ దశాబ్దాలలో కాలు మొదలంటా తీసేసినా, రేడియేషన్ ఇచ్చినా, చివరికి మిగిలింది పదిమందిలో ఒక్కరు. గడ్డ పోయేది, బిడ్డ దక్కేది కాదు. అంటే గడ్డ బయటపడే రోజుకే దాని కణాలు రక్తంలో కలిసి వెళ్లిపోయి ఉంటున్నాయి. పెట్ సీటీ శుభ్రంగా ఉందంటే స్కానుకు చిక్కేంత పెద్దవి ఎక్కడా లేవనే అర్థం. అసలే లేవని కాదు.

ఇప్పుడు గురువారం ఆపరేషన్ చేశారనుకుందాం. గాయం మానేదాకా కీమో మొదలుపెట్టలేరు. మూడు వారాలు, నాలుగు వారాలు, కుట్ల దగ్గర చీము పడితే ఇంకా ఎక్కువ. అన్నాళ్లూ ఊపిరితిత్తుల్లో దాగిన కణాలకు అడ్డు చెప్పేవారు ఉండరు. అదే కీమో ముందు ఇస్తే, ఎముక దాటి కండలోకి పొంగిన భాగం కుంచించుకుపోతుంది, నరాల నుంచి, రక్తనాళాల నుంచి వెనక్కి జరుగుతుంది. అప్పుడు సర్జన్ గడ్డ చుట్టూ మంచి కండ పొర ఒకటి కలుపుకుని, గడ్డను తాకకుండా బయటికి తీయగలడు. ఇప్పుడే చేస్తే గడ్డను కోసుకుంటూ పోవలసి రావచ్చు. ఇంకొక లాభం కూడా ఉంది. కీమో తర్వాత తీసిన ఎముకను పరీక్షించి అందులో ఎంత శాతం చచ్చిందో లెక్కపెడతారు. 90 శాతానికి పైగా చచ్చి ఉంటే మందు పనిచేస్తోందని నమ్మకంగా చెప్పవచ్చు. ముందే తీసేస్తే ఆ కొలబద్ద పోతుంది.

కాబట్టి ఆ మూడు నెలలు కూర్చోవడం కాదు. మొదటి సెలైన్ ఎక్కిన రోజే అసలు వైద్యం మొదలైనట్టు. నొప్పి కూడా తరచుగా ఒకటి రెండు విడతలకే తగ్గుతుంది. మీ బావగారికి నమ్మకం కుదరడానికి నా మాటల కంటే అదే బాగా పనికొస్తుంది.

ఇక్కడే ఒక హెచ్చరిక. గడ్డ తినేసిన ఎముక గుల్లగా ఉంటుంది. బాబు ఆ కాలు నేల మీద మోపకూడదు, చంక కర్రలు వాడాలి, బాత్రూములో ఎవరైనా తోడుండాలి. ఒకవేళ ఎముక విరిగితే, ఎవరు ఎంత తొందరపెట్టినా లోపల రాడ్డు వేయించకండి. మూలుగ గుండా రాడ్డు దించితే గడ్డ కణాలు ఎముక ఈ కొస నుంచి ఆ కొస దాకా పరచుకుంటాయి. విరిగినా పిండికట్టుతో కదలకుండా ఉంచి కీమో ఇవ్వవచ్చు. విరగడం వల్ల బతుకు ఆశ పోదు, కాలు నిలబెట్టే ఆశ కూడా చాలావరకు మిగిలే ఉంటుంది. రాడ్డు వేసి పంపిన పిల్లల దగ్గర నా సర్జన్ మిత్రులు తలపట్టుకోవడం కళ్లారా చూశాను.

వైద్యం మొత్తం దాదాపు ఏడెనిమిది నెలలు. అయిదు మందులు, రెండు జట్లు. మొదటి జట్టులో విన్‌క్రిస్టీన్, డాక్సోరుబిసిన్, సైక్లోఫాస్ఫమైడ్. రెండో జట్టులో ఐఫాస్ఫమైడ్, ఎటోపొసైడ్. ఇది అయిదు రోజుల పాటు ఎక్కిస్తారు. ఒకదాని తర్వాత ఒకటి మార్చి మార్చి ఇస్తారు. ఆరు విడతలయ్యాక గడ్డ పని పడతారు, అంటే ఆపరేషనో రేడియేషనో, తర్వాత మిగతావి పూర్తిచేస్తారు. అన్నీ కలిపి 14 విడతలు. ఆసుపత్రిని బట్టి కొంచెం తేడాలుంటాయి. రెండో జట్టు మొదట్లో లేదు. అది చేర్చాక, వేరే చోటికి పాకని పిల్లల్లో అయిదేళ్ల తర్వాత జబ్బు తిరగబెట్టకుండా ఉన్నవారు 54 శాతం నుంచి 69 శాతానికి పెరిగారని అమెరికా పరీక్షలో తేలింది. ఆ ఫలితాలు 2003లో వచ్చాయి.

దాని తర్వాత జరిగిన పరీక్ష గురించి కాస్త ఎక్కువ రాస్తాను, ఎందుకంటే కుటుంబం చేతిలో ఉన్నది ఏమిటో అది చెబుతుంది. 568 మందిని రెండు గుంపులు చేశారు. అవే మందులు, అవే మోతాదులు, అన్నే విడతలు. తేడా ఒక్కటే: ఒక గుంపుకు మూడు వారాలకొకసారి, రెండో గుంపుకు రెండు వారాలకొకసారి. కొత్త మందు ఒక్కటి కూడా లేదు. వారం దగ్గరగా జరిపినందుకే అయిదేళ్లకు జబ్బు లేకుండా ఉన్నవారు 65 నుంచి 73 శాతానికి పెరిగారు, దుష్ప్రభావాలు మాత్రం పెరగలేదు. గడ్డ స్వభావం మన చేతిలో లేదు, బాబు వయసు మన చేతిలో లేదు. క్యాలెండరు మాత్రం చాలావరకు మన చేతిలోనిదే.

మా వార్డులో ఒక అమ్మ ఉండేది. ఊళ్లో బంగారం కొట్టువారు ఇచ్చిన క్యాలెండరు తెచ్చి మంచం పక్క గోడకు తగిలించింది. ప్రతి గడిలో ఆ రోజు తెల్ల కణాల లెక్క, ప్లేట్‌లెట్ల లెక్క, జ్వరం ఎంత, ఎన్ని ఇడ్లీలు తిన్నాడు, అన్నీ పెన్సిలుతో రాసేది. వచ్చే విడత తేదీ చుట్టూ కుంకుమతో సున్నా. రౌండ్లకు వెళ్లినప్పుడు కేసుషీటు కంటే ముందు నేను ఆ క్యాలెండరే చూసేవాడిని. చదివింది అయిదో తరగతి. న్యూట్రోఫిల్స్ (తెల్ల కణాల్లో ఒక రకం) 750 దాటాయా, ప్లేట్‌లెట్లు 75 వేలు దాటాయా అని నన్నే నిలదీసేది, దాటితే "మరి ఇంకా ఎందుకు ఆపారు సార్?" అనేది. 14 విడతల్లో ఆ పిల్లవాడికి తేదీ తప్పింది రెండుసార్లే. దీనికి ఎదురు ఉదాహరణలు కూడా చూశాను. ఇంట్లో పెళ్లని మూడు వారాలు, సంక్రాంతికి ఊరెళ్లి ఇంకో రెండు వారాలు, గడ్డ తగ్గిపోయింది కదా అని ఒకసారి మొత్తానికి మానేసి నాలుగు నెలలకు తిరిగివచ్చినవారు. గడ్డ చేతికి తగలకపోవడం మూడో విడతకే జరగవచ్చు. ఎక్కువమంది చేజారిపోయేది సరిగ్గా అక్కడే.

మీరు ఉండేది ఆసుపత్రికి ఆరు గంటల దూరం కాబట్టి, ఈ ఏడెనిమిది నెలలు ఆసుపత్రి దగ్గరే ఉండే ఏర్పాటు చూసుకోండి. క్యాన్సర్ వైద్యం పొందుతున్న పిల్లల కుటుంబాలకు ఉచితంగా బస ఇచ్చే సంస్థలున్నాయి. సెయింట్ జూడ్ ఇండియా చైల్డ్‌కేర్ సెంటర్లు హైదరాబాదులో కూడా ఉన్నాయి. ఆసుపత్రిలో సామాజిక కార్యకర్తను అడిగితే కాగితం రాసిస్తారు. ఖర్చు సంగతి ఆరోగ్యమిత్ర బల్ల దగ్గర మొదటి రోజే మాట్లాడండి. కీమో మొదలయ్యాక కాగితాల కోసం తిరిగితే ఆ తిరుగుడుకే ఒక వారం పోతుంది.

ముక్క పరీక్ష రిపోర్టు ఫొటో కూడా పంపారు. సూక్ష్మదర్శిని కింద చిన్న గుండ్రటి నీలి కణాలు, సీడీ 99 (కణం పైపొర మీది ఒక ప్రొటీన్) పాజిటివ్ అని ఉంది. అది చాలదు. లింఫోమా దగ్గర నుంచి కండరాల సార్కోమా దాకా అలా కనిపించే జబ్బులు అరడజను ఉన్నాయి, సీడీ 99 వాటిలో కొన్నింటిలో కూడా వెలుగుతుంది. ఈవింగ్ అని ఖాయం చేసేది కణం లోపలి జన్యువు. 11వ, 22వ క్రోమోజోములు తునకలు మార్చుకుని, ఈడబ్ల్యూఎస్ఆర్1, ఎఫ్ఎల్ఐ1 అనే రెండు జన్యువులు అతుక్కుపోతాయి. వందలో 85 మందిలో ఈ జంటే ఉంటుంది, మిగిలినవారిలో ఎక్కువమందికి ఎఫ్ఎల్ఐ1 బదులు దాని చుట్టం ఈఆర్‌జీ. ఫిష్ అనే పరీక్షలో ఇది తెలుస్తుంది. కాబట్టి పాత ల్యాబు నుంచి స్లైడ్లు మాత్రమే కాదు, మైనంలో పోతపోసిన ముక్కలుంటాయి, బ్లాకులంటారు, అవి కూడా అడిగి తీసుకోండి. మళ్లీ సూది పొడిచే అవసరం దాంతో తప్పవచ్చు.

మీ అత్తగారు "ముక్క తీయడం వల్లే రేగింది, కత్తి తగిలితే పాకుతుంది" అంటున్నారని రాశారు. కాదు. పద్ధతిగా తీస్తే ముక్క పరీక్ష వల్ల జబ్బు పాకదు. కానీ ఆ మాటలో ఒక చిన్న నిజం దాగి ఉంది. సూది వెళ్లిన దారిలో కణాలు మిగలవచ్చు, అందుకే చివరి ఆపరేషన్‌లో ఆ దారిని కూడా గడ్డతో కలిపి తీసేస్తారు. సూది మచ్చ తొడ మీద ఎక్కడుందో ఇప్పుడే ఫొటో తీసి ఉంచండి. ఆరు విడతల తర్వాత అది వెతికినా కనబడదు.

అయిదు నెలలు వృథా చేశామని మీ అక్కగారు కుమిలిపోతున్నారు. ఆమెకు ఈ మాట చదివి వినిపించండి. ఈ జబ్బు వేషాలు మార్చడంలో ఆరితేరినది. నొప్పి వస్తుంది, పోతుంది, ఆటలాడే పిల్లలకు అదేమీ కొత్త కాదు. జ్వరం వస్తుంది, ఈఎస్ఆర్ (ఒంట్లో వాపును చూపే రక్తపరీక్ష) పెరుగుతుంది, రక్తం తగ్గుతుంది. ఎక్స్‌రేలో ఎముక మీద ఉల్లిపొరల్లా పొరలు లేస్తాయి, ఎముకకు చీము పట్టినా అలాగే లేవవచ్చు. ఇంకా ఘోరం ఏమిటంటే, గడ్డ లోపల కుళ్లిన భాగం పల్చగా చీములాగే కారుతుంది. ఆపరేషన్ చేసి, గిన్నెలోకి పట్టి, చీమేనని ఒట్టేసి చెప్పిన సర్జన్లు ఉన్నారు. కల్చర్‌లో ఏ క్రిమీ పెరగదు. అందుకే ఎముకలోంచి చీము తీసిన ప్రతిసారీ ఒక ముక్కను బయాప్సీకి పంపమని కుర్ర డాక్టర్లకు విసుగు పుట్టేదాకా చెబుతుంటాను. ఇది చదివే ఇతర తల్లిదండ్రులకు ఒక మాట: ఎదుగుదల నొప్పి రెండు కాళ్లలో వస్తుంది, తెల్లారేసరికి పోతుంది. ఒకే చోట, ఒకే వైపు, నిద్రలేపే నొప్పి మూడు వారాలు దాటితే ఎక్స్‌రే తీయించండి. వాచిన చోట నూనె మర్దనాలు, కట్లు వద్దు.

కాలు తీసేస్తారా అన్నది మీ రెండో ప్రశ్న. చాలావరకు అవసరం ఉండదు. గడ్డ తొడ ఎముక నడుమ ఉంది కాబట్టి, మోకాలి కీలును, తుంటి కీలును వదిలేసి మధ్య ముక్కను మాత్రం తీసే వీలుండవచ్చు. ఆ ఖాళీని నింపే పద్ధతుల్లో మన దేశంలోని పెద్ద క్యాన్సర్ కేంద్రాలు బాగా వాడేది ఒకటుంది. తీసిన ఎముకను పారేయరు. దాని మీది గడ్డను గీకి శుభ్రం చేసి, క్రిమిరహితమైన సంచుల్లో పొరలు పొరలుగా చుట్టి, పెట్టెలో పెట్టి రేడియేషన్ యంత్రం దగ్గరికి పట్టుకెళతారు. బాబు ఆపరేషన్ బల్ల మీద మత్తులోనే ఉంటాడు. మామూలుగా వారాల తరబడి పంచి ఇచ్చేంత రేడియేషన్, 50 గ్రే (గ్రే అంటే రేడియేషన్ కొలత), ఆ ఎముకకు ఒక్కసారే ఇస్తారు. అందులో బతికిన కణం అంటూ మిగలదు. వెనక్కి తెచ్చి అదే చోట ప్లేట్లు, స్క్రూలతో బిగిస్తారు. తన ఎముకే కాబట్టి కొలత తప్పదు. అతుకులు కలవడానికి మాత్రం నెలలు పడుతుంది, అందాకా కర్రలు తప్పవు. గడ్డ మోకాలి దాకా వచ్చి ఉంటే లోహపు కీలు వేస్తారు. ఎదిగే పిల్లలకు పొడవు పెంచే రకం కూడా ఉంది. అది ఖరీదెక్కువ.

రేడియేషన్, మనవాళ్ల మాటలో కరెంటు పెట్టడం, ఒక్కటే చాలదా అంటే, కటి ఎముక, వెన్నెముక వంటి చోట్ల అదే ఆధారం. తొడ ఎముకలో మాత్రం నేను ఆపరేషన్ వైపే మొగ్గుతాను. రెంటినీ పోల్చిన లెక్కల్లో, రేడియేషన్ ఒక్కటే ఇచ్చినవారిలో అదే చోట తిరగబెట్టడం ఎక్కువగా కనిపించింది. మొత్తం మీద బతికినవారి సంఖ్యలో పెద్ద తేడా లేదు. అయితే ఎదిగే వయసులో ఎముకకు కరెంటు పెడితే ఎదుగుదల దెబ్బతింటుంది, ఏళ్ల తర్వాత అదే చోట మరో క్యాన్సర్ వచ్చే ప్రమాదం కొద్దిగా ఉంటుంది. అంచుల్లో కణాలు మిగిలితే ఆపరేషన్ తర్వాత కూడా కరెంటు పెట్టవలసి రావచ్చు.

మీరు అడగడానికి మొహమాటపడిన ప్రశ్నకు వస్తాను. జబ్బు ఒకే చోట ఉన్నప్పుడు, వైద్యం పూర్తిగా చేయించుకున్నవారిలో అయిదేళ్ల తర్వాత జబ్బు లేకుండా ఉండేవారు మంచి కేంద్రాల లెక్కల్లో వందకు దాదాపు 70. మొదటి రోజుకే వేరే చోట్లకు పాకి ఉంటే దాదాపు 30. అందులో ఊపిరితిత్తులకే పరిమితమైతే కొంత నయం, ఎముకలకు, మూలుగకు పాకితే అంతకన్నా తక్కువ. బాబుకు కలిసొచ్చేవి: వయసు, పాకకపోవడం, గడ్డ కటిలో కాక కాలిలో ఉండటం. కలిసిరానిది గడ్డ పరిమాణం. 8 సెంటీమీటర్లు దాటినవి కాస్త మొండివి. తిరగబెడితే మాత్రం దారి చాలా కష్టం, ముఖ్యంగా రెండేళ్లలోపు తిరగబెడితే. అప్పుడు నిలిచేవారు వందకు 10, 15 మంది. రెండో అవకాశాన్ని నమ్ముకుని మొదటిదాన్ని తేలిగ్గా తీసుకోకూడదని ఈ అంకెలు రాశాను.

కీమో రోజుల గురించి మిగతావి ఆసుపత్రివారు చెబుతారు, రెండు మాత్రం నేను చెప్పాలి. ఎర్రటి మందు ఎక్కిన రోజు మూత్రం ఎర్రగా వస్తుంది. అది రక్తం కాదు, డాక్సోరుబిసిన్ రంగు. రెండోది జ్వరం. విడత అయిన వారం పది రోజులకు తెల్ల కణాలు అడుగంటుతాయి. అప్పుడు థర్మామీటరు 100.4 ఫారెన్‌హీట్ చూపిస్తే, అర్ధరాత్రి అయినా, బాబు నవ్వుతూ కబుర్లు చెబుతున్నా, గంటలో ఆసుపత్రిలో ఉండాలి. పారాసిటమాల్ వేసి తెల్లారేదాకా చూద్దామని అనుకోవద్దు. ఆ జ్వరానికి తెల్లారేదాకా ఆగే ఓపిక ఉండదు. బొప్పాయి ఆకు రసం, పసర్లు, తెలిసినవారు పంపే పొడులు ఈ ఎనిమిది నెలలు ఇంట్లోకి రానివ్వకండి.

ఇంకొకటి. మొదటి కీమోకు ముందే, బాబు యుక్తవయసుకు వచ్చి ఉంటే, వీర్యాన్ని గడ్డకట్టించి భద్రపరచుకోవాలి. సైక్లోఫాస్ఫమైడ్, ఐఫాస్ఫమైడ్ సంతాన శక్తిని దెబ్బతీస్తాయి. సంతాన సాఫల్య కేంద్రంలో ఒకటి రెండు రోజుల పని. మన ఇళ్లలో ఈ మాట ఎత్తడానికి తండ్రికి నోరు రాదు, తల్లికి అసలే రాదు. అందుకే మేనమామ అయిన మీకు రాస్తున్నాను. బాబును పక్కకు తీసుకెళ్లి మీరే మాట్లాడండి, మిగతాది డాక్టరు చెబుతాడు. ఇరవై అయిదేళ్ల వయసులో, పెళ్లి సంబంధాలు వచ్చాక, నాకెందుకు ఎవరూ చెప్పలేదని నా ఎదుట కూర్చుని అడిగినవాళ్లున్నారు. గుండెకు ఎకో, మూత్రపిండాల పరీక్ష వైద్యం ముగిశాక కూడా ఏళ్ల తరబడి చేయిస్తూ ఉండాలి. ఆ ఫైలు పారేయకండి.

ఇక మీరు చివర్లో, వెళుతూ వెళుతూ అన్నట్టు రాసిన వాక్యం. క్రికెట్ ఆడుతుంటే తొడకు బంతి తగిలిందని, అప్పటి నుంచే నొప్పి అని, ఆ బంతి వేసింది మీ పెద్దబ్బాయి అని, వాడు పది రోజులుగా అన్నం సరిగా తినడం లేదని. దెబ్బ వల్ల ఈ జబ్బు రాదు. క్రోమోజోము తునకలు మారడం బంతితో జరిగే పని కాదు. తిండి వల్లా కాదు, వంశంలో వచ్చేదీ కాదు, అన్నదమ్ములకు పరీక్షలు అక్కర్లేదు. దెబ్బ చేసిందల్లా అప్పటికే ఉన్న గడ్డ మీదికి అందరి చూపు తిప్పడం. ఆపరేషన్ ఆపించే ఫోను అయ్యాక రెండో పనిగా, మీ పెద్దబ్బాయిని పిలిచి ఈ పేరా వాడిచేతే చదివించండి.